చలికి ఆగే బండి

మా బండి చలికి ఆగిపోతుందని నేను మూడు జిల్లాల్లో చెప్పుకున్నాను. దంతాలపల్లిలో చెప్పాను, జనగామలో చెప్పాను, చివరికి భూపాలపల్లి వైపు ఘనపూర్ దాకా పోయి చెప్పాను. చెప్పిన ప్రతిచోటా నా మాట నమ్మారు. ఒక్కరైనా నమ్మకపోయి ఉంటే ఆ చలికాలం మాకు అంత నరకంగా ఉండేది కాదేమో.

బండి అంటే పికప్. ఇద్దరి చేతులు మారి నా దగ్గరికి వచ్చిన పాతది. పత్తి, మక్కలు, మిర్చి బస్తాలు, ఒక్కోసారి ఇల్లు మారేవాళ్ల మంచాలు, ఏది ఎక్కిస్తే అది మోసేది. దానిమీద నాకు ప్రేమ ఉండేదని అబద్ధం చెప్పను. నేను బండ్లతో మంచిగా మాట్లాడే మనిషిని కాను. గేరు పడకపోతే తిడతాను, డోరు పడకపోతే కాలితో తంతాను. "నోరులేని దాన్ని ఎందుకు తిడుతవయ్యా" అని మా ఆవిడ అనేది. నోరున్నవాళ్లను తిడితే తిరిగి తిడతారు కదా అనేవాణ్ణి.

రెండేళ్ల కిందట ఆమె కిడ్నీలు చెడిపోయాయి. అప్పటినుంచి వారానికి రెండు రోజులు, సోమవారం, గురువారం, మానుకోట దవాఖానలో డయాలసిస్. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. మా ఊరు దంతాలపల్లి దాటి లోపలికి ఉంటుంది. అక్కడినుంచి మానుకోటకు గంట పైన పడుతుంది. ఆమెకు దొరికింది ఉదయం ఆరు గంటల వంతు. ఆరున్నర దాటితే ఆ మంచం తరువాతి మనిషికి ఇచ్చేస్తారు. వాళ్లను తప్పుపట్టలేను, ఆ తరువాతి మనిషి కూడా అప్పటికే ఒళ్లు ఉబ్బి బయట బెంచీ మీద కూర్చుని ఉంటాడు. మా ఊరికి మొదటి బస్సు వచ్చేది ఏడింటికి. అందుకని నాలుగున్నరకల్లా మేం బండెక్కాల్సిందే.

"ఒక్కసారి తప్పితే ఎట్లనో తట్టుకుంటరు. వరుసగ రెండుసార్లు తప్పిందంటే నీళ్లు ఊపిరితిత్తులకు ఎక్కుతయి. జర యాదుంచుకోన్రి" అని అక్కడి నర్సమ్మ మొదటి వారమే మాకు చెప్పింది. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

అంతదాకా బండి ఒక్కరోజు కూడా మోసం చేయలేదు. ఆ దసరాకు దాన్ని కడిగి ఇంటి ముందు నిలబెట్టాను. అందరిలాగే ఆమె గిన్నెలో పసుపు చిక్కగా కలిపి తెచ్చి బానెట్‌కు రాసింది, చక్రాలకు రాసింది, స్టీరింగుకు రాసింది, పైన కుంకుమ పెట్టింది. డయాలసిస్ మొదలయ్యాక ఆమెకు ఆ బండి మీద నాకు లేని భక్తి పుట్టింది. "ఇంకేడ పెట్టాలె?" అని అడిగింది. నేను బీడీ తాగుతూ గడపలో కూర్చుని, "అగో, డీజిల్ మూత మరిచినవ్. బండికి నోరు గదే గద. నోరు మంచిగుంటే అన్నీ మంచిగుంటయి" అన్నాను. ఆమె నవ్వకుండా ఒంగి మూత మీద ఇంత పసుపు దట్టించి, నడుమ బొట్టు పెట్టింది. అప్పటినుంచి దవాఖానకు పోయే ప్రతి ఉదయం, తను ఎక్కేముందు, మిగతావి మరిచినా బండి నోటికి మాత్రం పసుపు రాసి ఎక్కడం మొదలుపెట్టింది.

దసరా వెళ్లింది, వెంటనే చలి దిగింది. ఒక సోమవారం ఊరు దాటి నాలుగైదు కిలోమీటర్లు పోయామో లేదో, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఫిల్టరు మీద డీజిల్ ఎక్కించే చిన్న చేతిపంపు ఉంటుంది, దాన్ని బొటనవేలు నొప్పి పుట్టేదాకా కొట్టాను. పావుగంటకు స్టార్టయింది. మళ్లీ కొంతదూరం పోయి మళ్లీ ఆగింది. ఎట్లాగో ఆరుంబావుకు చేరాం. ఆమెను మంచం ఎక్కించి, పెట్రోలు బంకుకు పోయి, డీజిల్ తక్కువైందేమోనని ట్యాంకు నిండా పోయించాను. తిరుగు ప్రయాణంలో బండి ఏమీ ఎరగనట్టు నడిచింది. ఆ వారమంతా లోడ్లకు తిప్పాను, ఎక్కడా ఆగలేదు. లోడ్లకు నేను బయలుదేరేది ఎండ పడ్డాకే. గురువారం తెల్లవారకముందు మళ్లీ ఆగింది.

చీకట్లో, చలిలో మాత్రమే ఆగుతోంది. ఎండ పడితే ఆగడం లేదు. ఇక చలికి కాక దేనికి? నా తెలివికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేకపోయింది.

దంతాలపల్లి మెకానిక్ మంచివాడు. నేను పోయేసరికి పది దాటింది. మొదట డీజిల్ మూత తీసి, కట్టెపుల్ల ముంచి చూసి, "డీజిల్ ఫుల్లున్నదన్నా" అన్నాడు. ఫిల్టర్ మార్చాడు. హీటర్ ప్లగ్గులు మార్చాడు. చలిలో ఇంజనును వెచ్చచేసేవి అవే. బండిని అరగంట ఆడించాడు. వాడి దుకాణం ముందు అది ఒక్కసారి కూడా ఆగలేదు. సోమవారం తెల్లారి మా ఊరి మోరీ వంతెన దగ్గర ఆగింది.

జనగామలో డీజిల్ పంపులు విప్పే పెద్ద దుకాణం ఉందని ఎవరో చెబితే అక్కడికి పోయాను. అక్కడ కూడా చలికి ఆగుతుందనే చెప్పాను. వాళ్లూ మూత తీసి చూశారు, పంపు విప్పారు, మళ్లీ బిగించారు, మూడు రోజులు ఉంచుకున్నారు. ఆ గురువారం పక్కింటివాళ్ల ఆటోలో పోయాం. ఆటోకు తలుపులు లేవు. దారి పొడుగునా ఆమె చలిగాలికి వణికి, పెదాలు నల్లబడి, దవాఖాన మెట్లు ఎక్కలేకపోయింది. ఆటో వద్దే వద్దని తిరుగు ప్రయాణంలో బస్సులో తెచ్చాను. జనగామ నుంచి బండి వచ్చాక నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం సోమవారం దాకానే.

ఇక నేను చేయని పిచ్చిపని లేదు. గోనెసంచులు తెచ్చి ఇంజనుకు కప్పాను. వేడినీళ్లు పోశాను. కుంపటిలో నిప్పులు పోసి బండి కింద పెట్టి, పక్కనే బకెట్ నీళ్లతో కాపలా కూర్చున్నాను. ఒకరోజు చూస్తే ఇంజను మీద గోనెసంచుల బదులు మా ఆవిడ కప్పుకునే బొంత ఉంది. "నాకు స్వెట్టరున్నది గదా, దానికేమున్నది" అంది. బండి ఎంత మొరాయిస్తే ఆమె పసుపు అంత మందంగా రాసేది. దిష్టి తగిలిందని ఎదురింటి అవ్వ అన్నాక మిరపకాయలు కూడా కట్టింది. నాకు లోపల మండిపోయేది, కాని ఆమె ఒళ్లు అంతా ఉబ్బి ఉంటే ఏమనగలను, నోరు మూసుకునేవాణ్ణి.

ఒక గురువారం మూడుసార్లు ఆగింది. మేం చేరేసరికి ఏడయింది. మంచం పోయింది. ఎవరైనా రాకపోతే ఇస్తామన్నారు, మధ్యాహ్నం దాకా కూర్చున్నాం, ఆరోజు అందరూ వచ్చారు. శనివారం ఉదయం ఆరింటికి ఎట్లాగో సర్దుతామని, తప్పక రమ్మని నర్సమ్మ చెప్పింది. ఆ రెండు రోజులూ ఆమె పడుకోలేదు. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. గోడకు ఆనుకుని కూర్చుని, నేను చూసినప్పుడల్లా బాగానే ఉన్నట్టు తల ఊపేది. కాళ్ల మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయేది. రెండోసారి తప్పితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు.

శనివారం నాలుగింటికే బండి తీశాను. ఆమెను నేనే ఎత్తి కూర్చోబెట్టాలనుకున్నాను, ఆమె మాత్రం డోరు పట్టుకుని, ఆయాసపడుతూ, ముందు ట్యాంకు దగ్గరికి నడిచి పసుపు రాసి వచ్చింది. ఊరు దాటాం, మోరీ దాటాం. నేను దేవుళ్లందరినీ పేరుపేరునా తలుచుకుంటున్నాను. ఇటుపక్కా అటుపక్కా పొలాలే ఉన్నచోట ఇంజను దగ్గింది, స్టీరింగు చేతిలో బరువైపోయింది, బండి ఆగింది. పంపు కొట్టాను. స్టార్ట్ కాలేదు. మళ్లీ కొట్టాను. కాలేదు. దిగి ముందు బంపరును తన్నాను. తరువాత ఆమె వైపు తిరిగాను.

"అంత నీ వల్లనే! నీ రోగం నా బండికి గూడ పట్టింది!" అని అరిచాను.

ఆ మాట నేనే అన్నాను. ఇంకెవరి మీదికో తోయడానికి అక్కడ ఇంకెవరూ లేరు. అన్న మరుక్షణం నాలుక కోసుకోవాలనిపించింది. ఆమె డోరు తీసుకుని మెల్లగా దిగింది. బండి పట్టుకుంటూ వెనక్కి నడిచింది. ఏం చేస్తోందా అని అద్దంలో చూశాను. వెనక డాలా తలుపు మీద రెండు చేతులూ పెట్టి, తల వంచి, బండిని తోస్తోంది. నాలుగడుగులు నడిస్తే ఊపిరి అందని మనిషి తోస్తోంది. బండి ఒక్క అంగుళం కూడా కదల్లేదు.

నేను పరుగెత్తి ఆమె చేతులు పట్టుకుని లాగాను. అప్పుడే ఒక పాలవ్యాన్ వచ్చింది. డ్రైవరు మమ్మల్ని చూసి ఏమీ అడగకుండా క్యాన్లు జరిపి చోటిచ్చాడు. ఆరూ ఇరవైకి ఆమె మంచం మీద ఉంది. నేను బయట బెంచీ మీద కూర్చుని, సిగ్గూ ఎగ్గూ లేకుండా ఏడ్చాను.

కబురు విని ఆమె అన్న మోటారు సైకిల్ మీద ఘనపూర్ నుంచి వచ్చాడు. నేనూ ఆయనా కలిసి దారిలో వదిలిన బండి దగ్గరికి పోయాం. ఎండలో ఉన్న బండి మొదటిసారికే స్టార్టయింది. ఆ సంగతి చూసి ఆయన నెత్తి గోక్కుని, "మా దిక్కు ఒక ముసలాయన ఉన్నడు బావా. బొగ్గు గనులల్ల లారీలు బాగు చేసి రిటైరైండు. ఆయనకు తెల్వకపోతే ఇగ ఎవలకు తెల్వది" అన్నాడు. సోమవారం దాకా టైముంది. ఆ మధ్యాహ్నమే ఆమెను తీసుకుని ఘనపూర్ పోయాం.

ముసలాయన బానెట్ తీయలేదు. డీజిల్ మూత జోలికి పోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఎప్పుడాగుతది?" అని అడిగాడు. చలికి ఆగుతుందని చెప్పాను.

"నేను ఎందుకాగుతదని అడగలే కొడుకా. ఎప్పుడాగుతదని అడిగిన."

తెల్లవారకముందు, దవాఖానకు పోయేటప్పుడు అని చెప్పాను.

"అయితే ఇప్పుడు సూసి ఏం జేస్త? పొద్దుగాల నాలుగింటికి వస్త. ఇంటికాడ ఎట్ల తీస్తరో గట్లనే తియ్యాలె. ఒక్కటి ఎక్కువ చెయ్యొద్దు, ఒక్కటి తక్కువ చెయ్యొద్దు" అన్నాడు. మా ఆవిడ అరుగు మీద కూర్చుని ఈ మాటలన్నీ వింది.

ఆదివారం నాలుగింటికి ఆయన మఫ్లర్ చుట్టుకుని, భుజానికి సంచి వేసుకుని వచ్చాడు. అది దవాఖాన రోజు కాదు. అయినా మా ఆవిడ వదిన దగ్గర పసుపు అడిగి తీసుకుని, గిన్నెలో కలిపి తెచ్చింది. "అన్నీ గట్లనే చెయ్యాలన్నడు గదా" అంది. డీజిల్ మూతకు పసుపు రాసి, బొట్టు పెట్టి, వచ్చి బండిలో కూర్చుంది. ముసలాయన ఆమె చేతిలోని గిన్నె వైపు ఒకసారి చూసి బండెక్కాడు.

భూపాలపల్లి రోడ్డు మీద పోతుంటే అయిదారు కిలోమీటర్లకు ఇంజను దగ్గి ఆగింది. నా చెయ్యి అలవాటుగా చేతిపంపు మీదికి పోబోయింది. "ముట్టకు" అన్నాడు ఆయన. మెల్లగా దిగి, ట్యాంకు దగ్గర ఒంగి, చెవి ఆనించి విన్నాడు. నన్ను పక్కకు పిలిచి, డీజిల్ మూతను కొద్దిగా తిప్పాడు. గాలి స్‌స్‌మని లోపలికి పీల్చుకుపోయింది. చాలాసేపు పీల్చింది. "ఇప్పుడు కొట్టు పంపు" అన్నాడు. నాలుగు దెబ్బలకే బండి స్టార్టయింది.

"మంచిగైంది బాపూ!" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, మూత అట్లాగే బిగించి మళ్లీ నడపమన్నాడు. మళ్లీ ఆగింది. మళ్లీ మూత తిప్పాడు, మళ్లీ ఆ చప్పుడు.

ఈసారి మూత చేతిలోకి తీసుకుని టార్చి వేశాడు. తాళంచెవి దూర్చే చోటు పక్కన ఆవగింజంత రంధ్రం ఉండాలట. డీజిల్ ఖర్చయ్యేకొద్దీ ట్యాంకులోకి గాలి పోయేది దాంట్లోంచేనట. మూత మీద గోరు మందాన పసుపు. కింద పాతది ఎండిపోయి ఉంది, పైన ఆరోజు పచ్చిది. ఆయన సంచిలోంచి దబ్బనం తీసి గుచ్చితే పసుపు ముద్ద రంధ్రంలోంచి ఊడి పడింది.

"గాలి ఆడకుంటే మనిషే బతకడు. డీజిల్ ఎట్ల వస్తది?" అని, గొంతు తగ్గించి, "రోజూ పెడ్తదా?" అన్నాడు.

నాకు ఒక్కొక్కటిగా అర్థమైంది. చలి కాదు. చలికి ఏ సంబంధమూ లేదు. ఆమె పసుపు రాసేది దవాఖాన రోజుల్లో, తెల్లవారకముందు. పచ్చి పసుపు రంధ్రాన్ని మూసేస్తుంది. ఎండకు అది ఎండి, పగిలి, కుదుపులకు రాలిపోతుంది. లేదంటే బంకులోనో, మెకానిక్ దగ్గరో ఎవరో ఒకరు మూత తీస్తారు. అందుకే ఎండలో ఎప్పుడూ ఆగలేదు. ట్యాంకు నిండా పోయిస్తున్నది నేను, నిండా ఉంటే లోపల గాలికి చోటు తక్కువై ఇంకా తొందరగా ఆగుతుందట. అక్కడ పెట్టమన్నదీ నేనే, బీడీ తాగుతూ, వేళాకోళానికి. నిన్న పొలాల మధ్య ఆమెను ఏమన్నానో గుర్తొచ్చింది. నోటికొచ్చి అన్న మాట నిజమై నా ఎదురుగా మూత మీద ఉంది.

"ఆమెకు చెప్తవా?" అన్నాడు ముసలాయన.

"నిన్న ఆమెనొక మాట అన్న బాపూ" అన్నాను. ఏమన్నానో చెప్పాను. ఆమె బండి తోసిన సంగతి కూడా చెప్పాను. ఆయన నన్ను కొడతాడేమో, కొడితే బాగుండు అనుకున్నాను. ఆయన సంచిలో చెయ్యి పెట్టి వెతికి, ఎప్పటిదో పాత డీజిల్ పైపు ముక్క ఒకటి తీశాడు. డోరు దగ్గరికి పోయి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇగో బిడ్డా, గిదీ మీ బండి రోగం. పైపు పలిగింది. చలికి గట్టిపడి గాలి గుంజుతున్నది. తీసేసిన, కొత్తదేసిన."

ఆమె టార్చి వెలుతురులో దాన్ని తిప్పి తిప్పి చూసింది. వంచితే పగులు నోరు తెరిచింది.

"గింత దానికా?"

"గింత దానికే."

ఆమె నా వైపు తిరిగింది. "అయితే నా వల్ల గాదన్నట్టు" అంది. నిష్ఠూరంగా అనలేదు. నిజంగా అడిగింది. శనివారం నుంచి లోపల పెట్టుకుని ఉందని ఆ అడగడంలోనే తెలిసింది.

"నీ వల్ల ఎందుకైతది" అన్నాను. టైరు చూసే మనిషిలా బండి వెనక్కి పోయాను. డాలా మీద దుమ్ములో రెండు అరచేతుల అచ్చులు అట్లాగే ఉన్నాయి. తుడవబుద్ధి కాలేదు.

ఆరోజునుంచి బండి తాళంచెవులకు ఒక పిన్నీసు ఉంది. ఆమె పసుపు రాయడం మానలేదు, ఎందుకు మానుతుంది? బండి బాగైంది కదా, మొక్కు ఫలించిందని ఇంకా ఎక్కువే రాసేది. నేను ఊరి చివర బండి ఆపి, "టైర్ల రాయి ఇరికినట్టున్నది" అని దిగి, ట్యాంకు దగ్గర ఒంగి, పిన్నీసుతో రంధ్రం పొడిచి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని వచ్చి కూర్చునేవాణ్ణి. వారానికి రెండుసార్లు, ఒకే చోట, ఒకే టైరులో రాయి. నాకు అబద్ధాలు ఆడటం రాదు. బండి మాత్రం ఆ తరువాత ఆగలేదు. ఆమెకు ఒక్క వంతు కూడా తప్పలేదు.

ఒకరోజు తాళంచెవులు ఆమె చేతిలో చూశాను. పిన్నీసు కొసను వేలితో రుద్దుతోంది. కొస పచ్చగా ఉంది. నన్ను చూసి తాళంచెవులు మేకుకు తగిలించి వంటింట్లోకి పోయింది.

తరువాతి గురువారం ఊరి చివర ఎప్పటిలాగే ఆపాను. దిగి, పిన్నీసు పట్టుకుని ఒంగాను. మూత తుడిచి ఉంది. రంధ్రం శుభ్రంగా ఉంది. దానికి రెండు వేళ్ల దూరంలో, మూత అంచుకు, పప్పుబద్దంత పసుపు, దానిమీద బొట్టు. నేను ఆ చలిలో, ఆ అబద్ధానికి ఎంత టైము పట్టాలో అంత సేపు నిలబడి, వచ్చి కూర్చున్నాను.

"రాయి పోయిందా?" అని అడిగింది. ఎదురుగా రోడ్డు వైపే చూస్తోంది. ముసలాయన ఇచ్చిన పైపు ముక్క, ఆమె ఆరోజు పెట్టినచోటే, డాష్‌బోర్డు మీద ఉంది.

"పోయింది" అన్నాను.

"ఇగ దిగకు. చలి పెడ్తున్నది" అంది.

బండి తీశాను. ఆరుకు పది నిమిషాల ముందే చేరాం.